సంగటి ఒళ్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో గొడవ ఉప్పు దగ్గర మొదలైంది.

మే మొదటి ఆదివారం కుప్పంలో బాడీ బిల్డింగ్ పోటీ. దానికోసం మార్చి నెలలోనే నేను ఉప్పు మానేశాను. మదనపల్లెలో నేను ట్రైనర్‌గా ఉన్న జిమ్ము ఓనరు మురళీధర్ అన్న అట్లా చెప్పాడు. ఉప్పు తింటే తోలు కింద నీళ్లు నిలుస్తాయట, స్టేజీ మీద లైట్లు పడ్డప్పుడు కండలు విడివిడిగా కనబడవట. మా అమ్మ తులసమ్మకు ఈ శాస్త్రం మింగుడు పడలేదు.

"ఉప్పు లేకుంటే అది కూడెట్లయితాది రా చైతన్యా? బర్రె గూడా మూతి తిప్పుకుంటాది" అంది.

"పోటీ అయినాక తింటాను లేమ్మా."

"నీకు ఒళ్లిచ్చింది నా రాగి సంగటి. ఆ మురళీ గాదు. గుర్తు పెట్టుకో."

అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. జిమ్ము ముందర నిలువెత్తు బోర్డు మీద నా ఫోటో ఉండేది. కింద ఎర్ర అక్షరాలతో 'సంగటి బలం, మందుల్లేని ఒళ్లు' అని రాయించాడు మురళన్న. అది చూడ్డానికి మా అమ్మ ఎదురింటి ఉష అక్కనూ, ఇంకో ముగ్గురినీ ఆటోలో వేసుకొని పోయింది. బోర్డు కింద నిలబడి సంగటి ఎట్లా కెలకాలో, నంజుకునే ఊరిబిండిలో ఎన్ని మిరపకాయలు పడాలో వాళ్లకు పాఠం చెప్పి వచ్చింది. మా నాయన ఆదెప్ప టమోటా యార్డులో హమాలీ. ముప్పై ఏళ్లుగా క్రేట్లు మోస్తున్నాడు. ఆయన కండలను ఎవరూ ఫోటో తీయలేదు.

నిజం ఏమిటంటే, రెండేళ్లుగా నేను వారానికి రెండుసార్లు కండలు పెంచే రెండు రకాల మందులను తొడలోకి సూదితో పొడుచుకుంటున్నాను. పోటీ దగ్గర పడేకొద్దీ కొవ్వు కరిగించే మాత్ర ఒకటి తోడయింది. అది మింగితే చేతులు వణుకుతాయి, కూర్చున్న చోటనే గుండె పరుగెత్తుతుంది. అన్నీ మురళన్న బెంగుళూరు నుంచి తెచ్చేవాడు, నేను ప్రొటీన్ డబ్బాలో పొడి కింద దాచేవాడిని. ఈ పోటీ గెలిస్తే కుప్పంలో పెట్టబోయే రెండో జిమ్ము నాకు అప్పగిస్తానన్నాడు. అది ఒక కారణం. రెండో కారణం అద్దం. అంతకుముందు ఎవరూ నన్ను రెండోసారి తిరిగి చూసిన పాపాన పోలేదు. అబద్ధమెందుకు, నాకు ఆ ఒళ్లంటే పిచ్చి.

ఉగాదికి ముందు ఒకరోజు పొద్దున బూట్లు వేసుకోవడానికి వంగాను. కుడి పిక్క రాయిలా గట్టిపడి పైకి ఎగదన్నింది. అరిచి కిందపడ్డాను. కాఫీ తాగుతున్న నాయన గ్లాసు పక్కన పెట్టి వచ్చాడు.

"గమ్మునుండు. కాలు బిగబట్టొద్దు."

ఒక చేత్తో బొటనవేలు పట్టుకొని పాదాన్ని నా వైపుకు వంచాడు, ఇంకో చేత్తో మోకాలు అదిమి పట్టాడు. యార్డులో ఎవరికి కాలు పట్టేసినా మా నాయననే పిలుస్తారు. లారీ నీడన పడుకోబెట్టి రెండు నిమిషాల్లో లేపి పంపిస్తాడు. నా పిక్క కూడా వదిలింది. కానీ నేను ఊపిరి పీల్చుకునేలోపే తొడ పట్టుకుంది. తొడను సరిచేస్తుంటే ఎడమ కాలు.

"ఏందిరా ఇది? ఈడ ఇడిస్తే ఆడ పట్టుకుంటాండాది" అన్నాడు నాయన. "సెమట పోయినోనికి లోపలికి ఉప్పు పోవల్ల. మజ్జిగలో ఇంత ఉప్పేసుకోని తాగు, ఏ మందూ అక్కర్లేదు."

"ఉప్పు కుదరదు నాయనా."

"అయితే పట్టుకుంటానే ఉంటాది. నీ ఇష్టం."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "ఉప్పొద్దంటే వద్దులే. ఎలనీళ్లు తాగుతాడు. దానికి గూడా ఆ మురళీ అడ్డమొస్తాడా?"

మురళన్న అడ్డం రాలేదు. ఎలనీళ్లు మంచిదే, పట్టు రాదు అన్నాడు. అప్పటి నుంచి రోజుకొక లేత టెంకాయ మా ఇంటికి రావడం మొదలైంది. అమ్మ తనే బండి దగ్గరికి పోయి, చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసి తెచ్చేది. నేను చివరి గుక్క తాగేదాకా నిలబడి చూసి, ఖాళీ బుర్ర తీసుకొని పోయేది.

మా చెల్లెలు భవ్య పెద్దతిప్పసముద్రం దగ్గర ఒక గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తుంది. ఆమె పెళ్లి చేసుకోవాలనుకున్న పవన్ కుమార్‌ది కుప్పం, కరెంటు సబ్‌స్టేషన్‌లో పని. ఇద్దరూ ఏదో ట్రైనింగులో కలిశారు, ఒకరికొకరు నచ్చారు. ఇక పెద్దవాళ్లు చూసుకొని సరేననడమే మిగిలింది. రెండు ఊళ్లకూ నడుమ ఉంటుందని పుంగనూరులో మా పెద్దమ్మ సిద్దమ్మ ఇంట్లో కలుద్దామనుకున్నారు. ఏప్రిల్ మూడో వారం, ఆదివారం.

"అన్నా, ఆ పూట చొక్కా గుండీలన్నీ పెట్టుకో" అంది భవ్య ముందురోజు. "వాళ్లు సూడ్డానికి వస్తాండేది నన్ను, నిన్ను గాదు."

గుండీలన్నీ పెట్టుకున్నాను. పవన్ కుమార్ వాళ్లమ్మ శాంతకుమారి గారు నిదానమైన మనిషి. భవ్యను పక్కన కూర్చోబెట్టుకొని బస్సు ప్రయాణం గురించి అడుగుతోంది. అంతా బాగానే జరుగుతోంది. పెద్దమ్మ నా చేతికి కాఫీ గ్లాసుల పళ్లెం ఇచ్చింది.

నాలుగడుగులు వేశానో లేదో, పళ్లెం పట్టుకున్న వేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టాయి. విప్పుదామంటే నా మాట వినలేదు. పళ్లెం జారి గ్లాసులు పగిలాయి. దాని వెంబడే తొడ వెనక, ఆ వెనకే పక్కటెముకల కింద, మెడలో పట్టేసింది. నేను ఆ కాఫీలోనే పడ్డాను. దవడ కూడా బిగుసుకుంది. ఎవరేం మాట్లాడుతున్నారో అన్నీ వినబడుతున్నాయి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో తెలుస్తోంది. కండలు పట్టేశాయంతే అని చెప్పబోయాను. మూలుగు తప్ప బయటికి రాలేదు.

"ఫిట్స్! మూర్ఛ! తాళాలు తేండి, తాళాలు!" పెద్దమ్మ కేక పెట్టింది.

ఎవరో తాళాల గుత్తి తెచ్చి నా గుప్పిట్లో దూర్చారు. అప్పటికే బిగుసుకుపోయిన గుప్పిలి దాన్ని ఇంకా గట్టిగా పట్టేసింది. "సూసినారా, ఇనుము దొరకంగానే ఎట్ల పట్టుకున్యాడో!" అంది పెద్దమ్మ. ఇంకెవరో ఉల్లిగడ్డ చితక్కొట్టి నా ముక్కు దగ్గర పెట్టారు. కళ్లవెంట నీళ్లు కారిపోయాయి. దానికీ ఒక అర్థం చెప్పుకున్నారు.

నాయన నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎప్పటిలాగే పిక్క వదిలించి, తొడ మీదికి వచ్చాడు. ప్యాంటు పైనుంచి నొక్కుతున్న ఆయన బొటనవేలు ఒక గట్టి గడ్డ మీద ఆగింది. కొంచెం పక్కకు జరిపాడు. అక్కడ ఇంకొకటి. సూదులు పడీ పడీ తేలిన గడ్డలవి. నా ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకుందామనుకున్నా మెడ తిరగలేదు.

"ఏం లేదు, ఎండ దెబ్బ" అన్నాడు నాయన అందరితో.

శాంతకుమారి గారు దగ్గరికి వచ్చి జాలిగా అడిగింది. "పాపం, ఇది ఎన్నాళ్ల నుంచి ఉండాదమ్మా?"

"ఎప్పుడూ లేదమ్మా, నా బిడ్డ రాయి మాదిర ఉంటాడు" అంది అమ్మ.

పెద్దమ్మ సాయం చేయబోయింది. "సిన్నప్పుడు జ్వరమొచ్చి ఒకసారి ఈడ్సుకున్యాడు గానీ, మల్ల ఎప్పుడూ లేదు."

దాంతో పని పూర్తయింది. వాళ్లు మర్యాదగానే లేచారు, మర్యాదగానే వెళ్లిపోయారు. వాకిట్లో భవ్య చేతులు రెండూ పట్టుకొని శాంతకుమారి గారు ఒకసారి నొక్కి, కారెక్కింది.

రెండు రోజులకు కబురొచ్చింది. సంబంధం వద్దనలేదు. అది వంశంలో దిగే జబ్బేమో, రేపు పుట్టే పిల్లలకు వస్తుందేమో అని వాళ్ల భయం. కుప్పంలో తమకు నమ్మకమైన డాక్టరమ్మ ఉంది, అక్కడ చూపించి, మూర్ఛ అవునో కాదో రాయించుకుందాం అన్నారు. మే మొదటి శుక్రవారం రమ్మన్నారు. పోటీ ఆ ఆదివారమే, ఆ ఊళ్లోనే.

ఈలోగా మా ఇల్లు నాకు జైలయింది. మూర్ఛ ఉన్న మనిషి నీళ్ల దగ్గరికి, నిప్పు దగ్గరికి ఒంటరిగా పోకూడదు, బండి నడపకూడదు. అమ్మ ఇవన్నీ అక్షరాలా పాటించింది. బండి తాళం లాక్కుంది. స్నానాల గది గడియ ఊడదీయించింది, నేను స్నానం చేస్తున్నంతసేపూ బయట నిలబడి "ఉండావా?" అని అడుగుతూ ఉండేది. "ఉండానమ్మా" అని నేను పలకాలి. నా వేలికి ఇనుప ఉంగరం తొడిగింది. జిమ్ముకు తనే ఆటోలో తీసుకుపోయి, టెంకాయ ఒళ్లో పెట్టుకొని అద్దాల ముందర బెంచీ మీద కూర్చునేది. నేను రెండొందల కిలోలు ఎత్తుతుంటే పడిపోకుండా పట్టుకోవడానికి.

ఒకరోజు ఆమె నీళ్లు తాగడానికి లేచినప్పుడు మురళన్న నన్ను పక్కకు లాగాడు.

"అన్నా, మందుల సంగతి ఇంట్లో చెప్పేస్తాను" అన్నాను.

"సెప్పు. బోర్డు పోతాది, నేను పోతాను, నువ్వు గూడా పోతావు. రెండు వారాలు ఫిట్సనే అనుకోనీ, నీకేం పోయింది?"

"భవ్య పెండ్లి పోతాది."

"పోటీ అయినంక అన్నీ ఆపేద్దువు. పట్టు దానంతట అదే పోతాది. అప్పుడు కావల్సినోళ్లకు సూపించుకో." అని జేబులోంచి కొత్త మాత్రల పట్టీ తీసి ఇచ్చాడు. ఒంట్లో నీళ్లు బయటికి పంపేదట. గుండె జబ్బు ఉన్నవాళ్లకు డాక్టర్లు రాసేది. "పది రోజులు వాడు. తోలు కాగితమవుతాది."

వాడాను. రెండేళ్లు పెట్టుబడి పెట్టిన ఒళ్లు, ఇంకో పది రోజుల్లో దాని పరీక్ష. అంతవరకే కనబడింది నాకు. పట్టు మాత్రం తగ్గకపోగా నాలుక కిందికీ, పొట్ట మడతల్లోకీ పాకింది. నేను పళ్లు బిగించి ఓర్చుకునేవాడిని. అమ్మ టెంకాయలు రోజుకు మూడు చేసింది.

భవ్య ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా నా గది గడపలో కూర్చుంది.

"పవన్ ఫోను ఎత్తుతాండాడు గానీ మాటలు తగ్గించినాడు" అంది. "అన్నా, నీకు నిజంగా ఫిట్సేనా?" అని అడిగింది.

నేను గోడకేసి చూసి "ఏమో" అన్నాను. నా జీవితంలో నేను ఎక్కువ సిగ్గుపడేది సూదులకు కాదు, ఆ ఒక్క మాటకు.

మా నాయన మాత్రం గోడకేసి చూడనివ్వలేదు. యార్డు నుంచి వచ్చి, ఒళ్లు కడుక్కొని, అమ్మ బియ్యం తెచ్చేదానికి పోయిన సమయం చూసుకొని నా మంచం అంచున కూర్చున్నాడు.

"నేను మూర్ఛ మనుషులను సూసినానురా. యార్డులో ఇద్దరుండిరి. పడితే వాళ్లకు తెలివుండదు. నువ్వు ఆ పొద్దు పుంగనూర్లో నన్నే సూస్తాంటివి."

నేను దుప్పటి తొడ మీదికి లాక్కున్నాను.

"తొడలో ఆ గడ్డలేంది?"

"సూదులు."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేండ్లు."

నాయన తన అరచేతుల్లోని కాయలు చూసుకుంటూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"మీయమ్మకు నేను సెప్పలేనురా" అన్నాడు చివరికి. "ఆమెకుండే గొప్పంతా నువ్వే. మండీ ఓనర్లు గూడా ఇప్పుడు పిల్సి మాట్లాడతాండారు, ఏమమ్మా ఏం పెడతాండావు నీ కొడుక్కి అని. ముప్పై ఏండ్లు నేను మోసినా ఆమెకు ఆ మర్యాద రాలే. అది నా నోటితో నేను తియ్యలేను. నువ్వే సెప్పుకో."

"సెప్తే అమ్మ…"

"తెలుసు. సెప్పకుంటే ఆడబిడ్డ బతుకు." లేచి నిలబడ్డాడు. "రెండిట్లో ఏది మోస్తావో నువ్వే సూసుకో."

శుక్రవారం పొద్దున అందరం కుప్పం బస్సెక్కాం. నాకు కిటికీ పక్కన సీటు ఇవ్వలేదు, తల బయట పెట్టి పడిపోతానని. కాళ్లు బరువుగా, నావి కానట్టుగా ఉన్నాయి. పెదాల చుట్టూ తిమ్మిరి. గుండె నాలుగు దెబ్బలు కొట్టి ఒకటి మరిచిపోతోంది. వి.కోటలో బస్సు ఆగితే అమ్మ దిగి పరుగున పోయి టెంకాయ కొట్టించుకొని వచ్చింది.

"ఈ రోజు ఇది నాలుగోదమ్మా, సాలు" అన్నాను.

"డాక్టరమ్మ ముందర పట్టు రాకూడదు నాయనా. తాగు."

తాగాను.

డాక్టర్ అమరావతి గారి గదిలో నేను, అమ్మ, నాయన, శాంతకుమారి గారు కూర్చున్నాం. తలుపు సగం తెరిచి ఉంది. బయట వరండాలో భవ్యా, పవనూ ఒకే బెంచీ మీద కూర్చొని, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలారు.

"పడిపోయినప్పుడు తెలివి ఉందా?" అడిగింది డాక్టరమ్మ.

"ఉండాది మేడమ్."

"నాలుక కొరుక్కున్నావా? బట్టలు తడిశాయా?"

"లేదు."

"మందులేమైనా వాడుతున్నావా?"

"లేదు మేడమ్. ప్రొటీన్ పొడి, అంతే."

ఆమె నా చేతులు చూసింది, మెడ వెనక లేచిన మొటిమలు చూసింది, వణుకుతున్న నా వేళ్లు చూసింది. పెన్ను తీసి పట్టుకుంది గానీ రాయలేదు.

"చూడప్పా, నాకు నువ్వు చెప్పేదే ఆధారం. వేరే కారణమేదీ లేదంటే ఫిట్స్ అనే అనుమానించాలి. తల స్కానింగుకు తిరుపతి పంపిస్తాను, మాత్రలు మొదలుపెడతాను. రెండు మూడేళ్లు మింగాల్సి ఉంటుంది."

అమ్మ లేచి నా భుజం మీద చెయ్యి వేసింది. "అమ్మా, నా కొడుకు నా చేతి కూడు తప్ప ఇంగొకటి ఎరగడు. కాఫీ గూడా ముట్టడు. ఫిట్సయితే ఫిట్సనే రాయండి, మేం మాన్పుకుంటాం. ఆ ఆడబిడ్డకు మాత్రం ఇది రాదని వీళ్లకు ఒక మాట సెప్పండి తల్లీ, మీకు దండం పెడతాను."

నాయన తన చెప్పులకేసి చూస్తున్నాడు. శాంతకుమారి గారు ఇబ్బందిగా కొంగు సర్దుకుంది.

"రాసుకోండి మేడమ్" అన్నాను.

మొదటి మందు పేరు చెప్పాను. ఆమె ఇంగ్లీషులో ఎట్లా రాస్తారని అడిగితే ఒక్కో అక్షరం చెప్పాను. రెండోది చెప్పాను. ఎన్నాళ్ల నుంచో, ఎక్కడ పొడుచుకుంటున్నానో చెప్పాను. మూడోది చెప్పేటప్పటికి నా భుజం మీది చెయ్యి లేచిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. చివరగా నీళ్ల మాత్ర పేరు చెప్పినప్పుడు డాక్టరమ్మ పెన్ను ఆగింది.

"ఇది ఎన్ని రోజులైంది?"

"పది."

"పట్టు రాకుండా ఏం తీసుకుంటున్నావు?"

"ఎలనీళ్లు."

"రోజుకెన్ని?"



"మూడమ్మా" అంది అమ్మ. గొంతు మామూలుగానే ఉంది. "ఈ పొద్దు నాలుగు. దోవలో ఒకటి తాపినాను."

డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి నర్సును కేకేసింది.

నన్ను పడుకోబెట్టి ఛాతీకి వైర్లు తగిలించారు, రక్తం తీశారు, చేతికి సూది పెట్టారు. గుండె గీతల కాగితం పట్టుకొని డాక్టరమ్మ మా వాళ్లకు విడమరిచి చెప్పింది. కొవ్వు మాత్ర, ఉప్పు లేని తిండి, ఒంట్లో నీళ్లు తగ్గడం, ఇవన్నీ కలిసి కండలను పట్టేస్తున్నాయి. ఎండలో మోసే మనిషికి పట్టు వస్తే ఉప్పు, నీళ్లు, ఎలనీళ్లు మందే. కానీ ఈ నీళ్ల మాత్ర పొటాషియం అనేదాన్ని బయటికి పోనివ్వదు. ఎలనీళ్లలో ఉండేది అదే. లోపల అది పేరుకుంటే గుండె ఆగిపోతుంది.

"ఇంకో రెండు రోజులు తాగి ఉంటే?" అడిగాడు నాయన.

"రెండు రోజులు పట్టేది కాదేమో" అంది డాక్టరమ్మ.

అమ్మ మంచం కడ్డీ పట్టుకుంది. "నా చేత్తోనే పోసినానమ్మా" అంది.

"మీకు తెలియదు కదమ్మా. తెలిసినవాడు చెప్పలేదు."

నాలుగు రోజులు ఆ ఆసుపత్రిలో ఉన్నాను. ఆదివారం సాయంత్రం ఎక్కడో మైకులో పాటలు, చప్పట్లు వినబడ్డాయి. ఎవరు గెలిచారో నేను అడగలేదు. శాంతకుమారి గారు రోజూ క్యారియరు తెచ్చింది. "మూర్ఛ గాదు గదా వదినా, అది సాలు. కుర్రతనం, మానుకుంటాడు" అని అమ్మను ఓదార్చింది. పవన్ నా మంచం పక్కన కూర్చొని భవ్యతో గుసగుసలాడుతూ ఉండేవాడు. శ్రావణంలో పెళ్లి అనుకున్నారు, పెళ్లి జరిగింది, బాగా జరిగింది.

అమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బతికిపోయేవాడిని. ఇంటికి వచ్చాక మందులు దాచిన డబ్బా తెచ్చి నేనే ఆమె ముందర దొడ్లో పారబోశాను. ఆమె చూసి, చీపురు తెచ్చి ఊడ్చింది. అప్పటి నుంచి నా కూడు మూత పెట్టి వంటింట్లో ఉండేది. ఆమె వడ్డించేది కాదు. నేనే తీసుకొని తినేవాడిని. ఉప్పు సరిపోయేది.

ఉప్పూ మజ్జిగా లోపలికి పోయేసరికి రెండు వారాల్లో పట్టు ఎటు పోయిందో తెలియదు. దాని వెంబడే ఒళ్లు కూడా పోయింది. ఆగస్టుకల్లా చొక్కాలు వేలాడాయి. ఒంటిలో సహజంగా ఊరాల్సినవి మళ్లీ ఊరడానికి నెలలు పడుతుందని, మనసు బాగుండదని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. నిజమే, ఊరికే కూర్చున్నచోటనే ఏడుపొచ్చేది. మురళన్న నా బోర్డు దించి ఇంకొకడి ఫోటో పెట్టాడు. కింద అక్షరాలు మాత్రం అవే. నేను పుంగనూరు రోడ్డులో టమోటా నారు పెంచే నర్సరీలో పనికి చేరాను.

వినాయక చవితి అయిన వారానికి, ఒక మధ్యాహ్నం నేను కూడు తినడానికి ఇంటికి వచ్చాను. అమ్మ వాకిట్లో కూర్చొని శనక్కాయలు ఒలుస్తోంది. ఎదురింటి ఉష అక్క మెట్టు మీద కూర్చొని ఉంది. నేను పక్కసందులోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాను, వాళ్లు చూడలేదు.

"తులసక్కా, నీ కొడుకేంది ఇట్ల సిక్కిపోయినాడు? సంగటి పెట్టడం మానేసినావా ఏంది?" అంది ఉష అక్క నవ్వుతూ.

అమ్మ చేతులు ఆగాయి.

"మూర్ఛమ్మా" అంది. "ఎవురికీ సెప్పలేదులే, పాప పెండ్లి అయ్యేదాకా. ఎట్ల పెంచినాను ఆ ఒళ్లును! ముద్ద ముద్దకూ నెయ్యేసి పెంచినాను. మాయదారి జబ్బు వొచ్చి అంతా తినేసింది."

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. మా అమ్మ అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. మందులని చెబితే ఆ ఒళ్లు ఏనాడూ ఆమెది కాదు. మూర్ఛ అని చెబితే ఆమెదే, జబ్బు ఎత్తుకుపోయిందంతే. ఆ జబ్బు నాకు లేదని ఒక కాగితం మీద రాయించడానికి నేను కుప్పం దాకా పోయాను, దాచినదంతా చెప్పుకున్నాను. ఈ వీధిలో ఇంక నాకు ఎవరూ బండి ఇవ్వరు. రేపు పిల్లనూ ఇవ్వరు.

ఉష అక్క నన్ను చూసింది. "అయ్యో నాయనా, ఈడనే ఉండావా? ఇప్పుడెట్ల ఉండాది? మల్ల వస్తాండాదా?"

అమ్మ వెనక్కి తిరగలేదు. శనక్కాయ ఒకటి వేళ్ల మధ్య అట్లాగే పట్టుకొని ఉంది.

"ఈ నెల రాలేదక్కా" అన్నాను. "అమ్మ చేత్తో పెట్టింది తిన్న రోజు రాదు."

లోపలికి పోయి కూర్చున్నాను. కాసేపటికి అమ్మ వచ్చింది. మూత తీసి, తినే తట్ట నా ముందు పెట్టి, సంగటి ముద్ద వేసి, ఊరిబిండి వేసింది. అది అయిపోకముందే అడగకుండా రెండో ముద్ద వేసింది. నాకు పట్టేది ఒక్క ముద్దే. ఆమె అక్కడే నిలబడి ఉంది. తిన్నాను.